చిన్న గంగ

మౌంటు రోడ్డు, నాలుగో అంతస్తు.
తెలుగు విభాగం అంటే
నేనొక్కదాన్నే, ఒక కుర్చీ, ఒక తెర.
సూళ్లూరుపేట నుంచి కావలి దాకా
మునిగిన పడవలన్నీ నా బల్ల మీదికే కొట్టుకొస్తాయి.

కిందటేడు దాకా ఉత్తరాలు నేనే రాసేదాన్ని,
రోజుకు తొమ్మిది, మహా అయితే పది.
ఇప్పుడు యంత్రం రాస్తుంది. నలభై.
నేను సరే అంటాను, సంతకం పెడతాను.
అబద్ధమెందుకు, నాకది నచ్చింది.
ఆరు నలభై లోకల్ దొరుకుతోంది,
క్రోంపేటలో దిగేసరికి పూలకొట్టు ఇంకా తెరిచే ఉంటోంది.
ఇరవై రెండు పేజీల నిబంధనల్ని
చింతపండు పిసికినట్టు పిసికి పిప్పి అవతల పారేస్తుంది.
దాన్ని తిట్టడానికి నాకు నోరు రాదు.

కానీ ప్రతి ఉత్తరం చివరా
"మీ వేదనలో మేమూ పాలుపంచుకుంటున్నాం" అంటుంది.
ఎవరీ మేము?
ఆ పూట నేను టిఫిన్ డబ్బా మూత రాక కుస్తీ పడుతున్నాను.
సెల్వకుమారి మేడమ్ ఫోన్లో ప్లంబర్‌ని కేకలేస్తోంది.
యంత్రం సంగతి యంత్రానికే తెలియాలి.
నలభై ఇళ్ల వేదనలో పాలుపంచుకుని
అందరం మూడున్నరకు టీకి వెళ్లాం.

జూన్‌లో పామంజి పోలయ్య దగ్గర్నుంచి అప్పీలు వచ్చింది.
"గౌరవనీయులైన అధికారి గారికి,
నా పరిస్థితిని సానుభూతితో పరిశీలించగలరని..."
రెండో వాక్యానికే పోల్చుకున్నాను.
అదీ యంత్రమే.
నెట్ సెంటర్ కుర్రాడు ముప్పై రూపాయలు తీసుకుని ఉంటాడు.
నా యంత్రం ఏడిస్తే ఆయన యంత్రం బదులు ఏడ్చింది,
మధ్యలో మేమిద్దరం పొడి కళ్లతో.

అట్టడుగున మాత్రం, బాల్‌పెన్నుతో,
కాగితం అవతలికి దిగబడేలా:
"గంగ మా అన్నది. నాది చిన్న గంగ.
రెండు పడవలమ్మా."

ఫైలు తీశాను.
గంగకు డబ్బు ముట్టింది మార్చిలో.
ఒకే పడవకు రెండోసారి అడిగారని
ఈయనది తోసేశాం.
మొదటి అర్జీలో చిన్న గంగ అనే ఉంది, నాలుగు చోట్ల.
సారాంశంలో చిన్న లేదు.
విశేషణమనుకుందో, పిప్పి అనుకుందో,
తీసేసింది.
దాని కింద సంతకం ఉంది.
నా చేత్తో, నా మెలికతో.

ఆ సాయంత్రం లోకల్ వదిలేశాను.
తిరగరాయమంటే అది వెంటనే రాసింది:
"కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం."
అసౌకర్యం!
పడవ లేని నాలుగు నెలల్ని
లిఫ్ట్ ఆగిపోయినట్టు రాసింది.
కొట్టేశాను.
ఖాళీ తెర మీద నేను రాయబోతే
చేతికి మాటలు అందలేదు. ఎన్నాళ్లయిందో.
"కారణంగా" అని రెండుసార్లు పడింది,
వాక్యం మధ్యలో తమిళం దొర్లింది.
చివరికి నిలబడ్డవి ఇవి:
"మీ కాగితం నేను చదవలేదు. చదివి ఉంటే తెలిసేది.
రెండు పడవలే. తప్పు నాది."

మేడమ్‌కు తెలుగు రాదు, తమిళంలో చెప్పి వినిపించాను.
కళ్లజోడు పైకి తోసుకుంది.
"ఆ 'నేను' తీసెయ్. పొరపాటు జరిగినది, అని పెట్టు.
లీగల్ వాళ్లు ఊరుకోరు."
జరిగినది. వాన కురిసినట్టు, దానంతటది.
కాసేపు ఇద్దరం ఆ ఒక్క పదం దగ్గర నిలబడ్డాం.
ఆమె చెడ్డ మనిషి కాదు. నాకూ ఇంటద్దె ఉంది.
ఆఫీసు ఉత్తరం ఆమె చెప్పినట్టే వెళ్లింది.

మెట్ల దగ్గరికొచ్చి, నా సొంత ఫోన్లోంచి
పోలయ్యకు చేశాను.
వెనక గాలి, ఎవరో చేపల లెక్క అరుస్తున్నారు.
చదవలేదయ్యా, తప్పు నాదే, అన్నాను.
అవతల కాసేపు గాలి ఒక్కటే.
"సరేగానమ్మా," అన్నాడు,
"ఈసారి పేరు సరిగ్గా రాశారా?"

మర్నాడు మళ్లీ నలభై.
ఇరవై ఆరు మాత్రం మొదటి నుంచి చివరిదాకా చదివాను.
క్రోంపేటలో దిగేసరికి
పూలకొట్టు మూసేశారు.